నలభయ్యో మొక్క

ఐదేళ్లలో కుంజెస్ ఒక్క మొక్క పేరు కూడా తప్పు చెప్పలేదు. గురువుగారికి అదే బెంగ.

గురువుగారి పేరు తుందుప్. లద్దాఖ్ కొండల్లో మూలికలతో వైద్యం చేసేవాళ్లని ఆమ్చి అంటారు. ఎండలున్నన్నాళ్లూ కొండలెక్కి మొక్కలు తెస్తారు, మంచు పడ్డాక ఇంట్లో కూర్చుని వాటిని నూరుతారు. ఆమ్చి తుందుప్ గారు నలభై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నారు. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. నాడి పట్టుకుని ఆయన ఎంతకీ వదలకపోతే, రోగి విసిగిపోయి "నాకేం లేదులెండి" అని లేచి వెళ్లిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

కుంజెస్‌ది ఆ లోయలో అన్నిటికంటే పైన ఉన్న ఊరు, షాలోక్. పదిహేడు ఇళ్లు. ఒకప్పుడు ఊరి వైద్యం ఆమె పెదనాన్న చూసేవాడు. ఆయన పోయాక ఊళ్లో ఆమ్చి లేడు. జబ్బు చేస్తే తుందుప్ గారి ఊరికి రెండు రోజుల నడక. మంచు పడి కనుమ మూసుకుపోతే ఆ నడక కూడా లేదు. అలా మూసుకుపోయిన ఒక చలికాలంలో దగ్గుతో ఇద్దరు పిల్లలు పోయారు. మరుసటి ఏడు ఒక బాలింత పోయింది.

అప్పుడు ఊరంతా కూర్చుని కుంజెస్‌ని తుందుప్ గారి దగ్గరికి చదువుకి పంపింది. ఆమె వంతు పొలం పని ఊరివాళ్లే పంచుకున్నారు. పెదనాన్న మందుల పెట్టెకి తాళం వేసి, ఊరిపెద్ద నవాంగ్ ఆ తాళంచెవిని తన మెడలో వేసుకున్నాడు. కుంజెస్ ఆమ్చి అయిన రోజు తీస్తానన్నాడు. అప్పటినుంచీ స్నానానికి కూడా తియ్యలేదు. అయితే ఆ ఊళ్లో స్నానం అంత తరచుగా జరిగే పని కాదు, కాబట్టి అది మరీ గొప్పగా చెప్పుకోవాల్సిన దీక్షేమీ కాదు.

కుంజెస్ ఊరి నమ్మకాన్ని వమ్ము చెయ్యలేదు. ఏకసంథాగ్రాహి. గురువుగారు ఒకసారి చెప్పిన శ్లోకాన్ని రెండోసారి ఆయనకే అప్పజెప్పేది. మొక్కని ఆకు చూసి చెప్పేది, వేరు చూసి చెప్పేది, ఎండి పొడైపోయినదాన్ని వాసన చూసి చెప్పేది.

ఈ సంగతి లోయంతా పాకింది. దారిన పోయే గొర్రెల కాపరులు పనిగట్టుకుని ఏదో ఒక గడ్డిపరక తెచ్చి "ఇదేమిటో చెప్పు చూద్దాం" అనేవాళ్లు. ఆమె చెప్పేది. ఒకడు యాక్ నోట్లోంచి సగం నమిలిన కాడని లాక్కుని తెచ్చాడు. దానికీ పేరు చెప్పింది. అది తప్పో ఒప్పో యాక్‌నే అడగాలి.

తుందుప్ గారు అరుగు మీద కూర్చుని ఇదంతా చూసేవారు. ఒక్కోసారి కాపరి వెళ్లిపోయాక అతను పారేసిన పరకని తీసి, చాలాసేపు చేతిలో పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, మళ్లీ కింద పెట్టేవారు. ముసలాయనకి చూపు తగ్గిందేమో అనుకునేది కుంజెస్. ఆమెకి గురువంటే ప్రాణం. అందుకే ఆ మాట పైకి అనలేదు.

పరీక్షకి వారం రోజుల ముందు ఇద్దరూ పాంగ్యెన్ కోసం కొండెక్కారు.

పాంగ్యెన్ అంటే పచ్చిక నగ అని అర్థం. వేసవి పూలన్నీ రాలిపోయి, గడ్డి ఎర్రబడ్డాక, అప్పుడు పూస్తుంది. నేలకి అతుక్కుని ఉంటుంది. వేలెడంత బాకాలాంటి నీలిపువ్వు, బయట నల్లటి చారలు. గొంతు పట్టేసినా, పొడిదగ్గు వచ్చినా దాని కషాయమే మందు. చేదంటే అదీ చేదు. దాని ముందు నేలవేము పాయసం. ఆ పువ్వుకి ఒక పెంకెతనం ఉంది. మబ్బు పడిందంటే ముడుచుకుపోతుంది. ఎండ వస్తే తప్ప మొహం చూపించదు.

ఆ రోజు వాళ్లు పైకి చేరేసరికి మబ్బు పట్టింది. వాలంతా నీలంగా ఉన్నదల్లా చూస్తుండగానే బూడిదరంగుకి తిరిగింది. కుంజెస్ ఆగలేదు. ముడుచుకున్న మొగ్గల్ని చారలు చూసి గబగబా కోస్తోంది.

తుందుప్ గారు అడిగారు. "లోపల చూశావా?"

"చారలు కనిపిస్తున్నాయి కదండీ."

"లోపల చూశావా అని అడిగాను."

"చూడక్కర్లేదు ఆమ్చి గారూ. నాకు తెలుసు."

ఆయన ఒక రాయి మీద కూర్చుని ఎండ కోసం ఎదురుచూశారు. ఎండ వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా లేచి, ఒక్కో పువ్వులోకీ తొంగిచూసి, కొన్ని కోసేవారు. సాయంత్రానికి కుంజెస్ రెండు సంచులు నింపింది. ఆయన సంచిలో గుప్పెడే ఉన్నాయి. కాసేపు ఆయన మంచునీటి కాలవ గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుండిపోయారు. మోకాళ్లు పట్టేశాయి కాబోలు, పాపం అనుకుంది. వెళ్లి చెయ్యి అందించి లేపింది. అప్పటికే ఆయన ఏదో తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు.

ఆ కొండగాలికి ఆయన గొంతు పట్టేసింది. రెండు రోజులకి మాట గరగరమనడం మొదలైంది. ఎలాగూ తక్కువ మాట్లాడే మనిషి కాబట్టి ఎవరికీ పెద్దగా తేడా తెలియలేదు.

పరీక్షనాడు షాలోక్ నుంచి ముప్పైమందికి పైగా దిగారు. రెండు రోజులు నడిచి వచ్చారు. గుర్రం మీద సత్తుపిండి సంచులు, బార్లీ కల్లు కుండలు, కుంజెస్‌కి కప్పడానికి కొత్త ఉన్ని శాలువా. పరీక్ష పాసైతే ఆ రోజే విందు. మర్నాడే కుంజెస్‌ని తీసుకుని ఊరెళ్లిపోవాలి, ఎందుకంటే కనుమ మీద అప్పుడే తొలిమంచు పడింది. ఇంకో పది రోజులు దాటితే దారి ఉండదు. పరీక్షలో ఒక్క మొక్క తప్పినా, ఒక్కటి చెప్పలేక వదిలేసినా, మళ్లీ వచ్చే ఏడే. అంటే షాలోక్‌కి ఇంకో చలికాలం ఆమ్చి లేకుండా గడవాలి. ఈ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. కుంజెస్‌కి అందరికంటే ఎక్కువ తెలుసు.

తుందుప్ గారి ఇంటిముందు నల్లటి కంబళి పరిచి నలభై మొక్కలు వరసగా పెట్టారు. ఆయనకి అటొకరు ఇటొకరు ఇద్దరు ఆమ్చిలు కూర్చున్నారు. దిగువ లోయనుంచి వచ్చిన లోబ్జాంగ్ గారు భారీ మనిషి, భారీ గొంతు. మొరుప్ గారికి ఎనభై రెండేళ్లు. ఆయనకి మొక్కా, మొక్క పట్టుకున్న చెయ్యీ ఒకేలా కనిపించే వయసు.

ఆ లోయలో ఒక ఆచారం ఉంది. పరీక్షకి కూర్చున్నవాళ్ల ముందు ఒక గిన్నెలో వెన్న కలిపిన ఉప్పు టీ పోసి పెడతారు. మొక్కలన్నీ చెప్పాకే దాన్ని తాగాలి. ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. చెప్పీ చెప్పీ నోరెండిపోతుందని పెట్టి ఉంటారు. కానీ ఇలాంటివి పందెంగా మారడానికి ఎంతసేపు? టీ పొగలు కక్కుతుండగానే ముగించినవాడు మొనగాడు. పైన వెన్న తెట్టు కట్టాక ముగించినవాడు మామూలువాడు. పూర్తిగా చల్లారాక ముగించినవాణ్ణి, పాసైనా సరే, జనం పశువుల జబ్బుకి తప్ప పిలవరు. మొక్కని ముట్టుకోవచ్చు, తుంచి చూడొచ్చు, నోట్లో వేసుకోవచ్చు. అన్నిటికీ అనుమతి ఉంది. ఎటొచ్చీ టీ ఆగదు.

కుంజెస్ పెదనాన్న పొగ ఆరకముందే ముగించాడట. షాలోక్‌లో ఆ కథ చెప్పని ఇల్లు లేదు. పుట్టినప్పటినుంచీ ఆమె ఆ పొగ గురించే వింటోంది.

టీ పోశారు. కుంజెస్ మొదలుపెట్టింది.

పేరు, రుచి, గుణం, ఏ జబ్బుకి. పేరు, రుచి, గుణం, ఏ జబ్బుకి. మొదటి పది మొక్కలకి జనం ఊపిరి బిగబట్టారు. ఇరవైకి తలలూపడం మొదలుపెట్టారు. ముప్పైకి వచ్చేసరికి నవాంగ్ పక్కవాళ్లకేసి చూసి మీసం దువ్వుకున్నాడు. నిజానికి ఆయనకి మీసం పెద్దగా లేదు. ఉన్నంతమేరకి దువ్వుకున్నాడు.

ముప్పై తొమ్మిది అయ్యాయి. గిన్నె మీద ఇంకా సన్నగా పొగ లేస్తూనే ఉంది.

నలభయ్యో మొక్క తడిగుడ్డలో ఉంది. గుడ్డ విప్పింది. పొట్టికాడ. నీలంగా ముడుచుకున్న పువ్వులు నాలుగైదు. బయట నల్లటి చారలు. చూడగానే పేరు నోటికొచ్చింది. కాడ కాస్త సన్నంగా ఉందే అనిపించి, చెయ్యి పువ్వు దగ్గరికి వెళ్లింది కూడా. అప్పుడే ఆమె కళ్లు గిన్నె మీద పడ్డాయి. పొగ దారంలా ఉంది. ఇప్పుడో ఇంకాసేపటికో తెగిపోతుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పాంగ్యెన్. రుచి చేదు. గుణం చలవ. గొంతు వాపుకి, పొడిదగ్గుకి, రొమ్ములో వేడికి."

"శెభాష్!" అన్నారు లోబ్జాంగ్ గారు. ఆ కేకకి గుర్రం బెదిరింది.

"అవునవును, పాంగ్యెనే" అన్నారు మొరుప్ గారు, కంబళి అవతలి కొస వైపు చూస్తూ.

షాలోక్ జనం లేచి నిలబడి ఈలలు వేశారు. కుంజెస్ గిన్నె ఎత్తి తాగింది. నాలుక కాలింది. ఆమెకి జీవితంలో అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. నవాంగ్ మెడలోంచి తాళంచెవి తియ్యబోయాడు. ఐదేళ్ల ముడి అది, ఓ పట్టాన రావడం లేదు.

"కాస్త ఆగు నవాంగ్" అన్నారు తుందుప్ గారు. గొంతు బొంగురుగా వచ్చింది. తర్వాత శిష్యురాలి వైపు తిరిగారు. "గొంతు వారంనుంచీ బాధపెడుతోంది తల్లీ. ఆ చివరిదాన్ని తీసుకెళ్లి కషాయం కాచి పట్టుకురా. గొంతుకి మంచిదని నువ్వే చెప్పావుగా."

జనం సంబరపడ్డారు. ఆమ్చి కుంజెస్ మొదటి రోగి సాక్షాత్తూ గురువుగారే! ఇంతకంటే శుభం ఏముంటుంది?

పొయ్యి ఇంటివెనక ఉంది. కుంజెస్ కుండలో నీళ్లు పోసి పెట్టింది. పాంగ్యెన్ కషాయానికి ముందు పువ్వుని చీల్చి, లోపల దుమ్ము దులిపి, అప్పుడు వెయ్యాలి. గోటితో ఒక పువ్వు విప్పింది.

విప్పి, అలాగే ఉండిపోయింది.

పాంగ్యెన్ పువ్వులో రేకుకీ రేకుకీ మధ్య చీర కుచ్చిళ్లలా చిన్న మడత ఉంటుంది. లోపలి గొంతు నున్నగా ఉంటుంది. ఈ పువ్వులో మడత లేదు. గొంతు చుట్టూ కనురెప్పల వెంట్రుకల్లా తెల్లటి నూగు వరసగా నిలబడి ఉంది.

రెండో పువ్వు విప్పింది. నూగు. మూడోది విప్పింది. నూగు. ఒక రేకు తుంచి నాలుక మీద పెట్టుకుంది. చేదే. కానీ చేదు వెనక ఇంకేదో ఉంది. ఐదేళ్లలో ఎన్ని వందల మొక్కలు నమిలిందో, ఆ రుచి ఎప్పుడూ ఎరగదు.

పొయ్యి ముందు కూలబడింది.

పాంగ్యెన్ కాదు. మరేమిటి? ఎంత వెతికినా నోటికి పేరు రాలేదు. ఆమెకి నోటికి పేరు రాకపోవడం అదే మొదటిసారి. అదొక వింత భయం. మంచిదై ఉండొచ్చు, దాని చుట్టమే అయి ఉండొచ్చు. విషమూ అయి ఉండొచ్చు. ముందువైపు జనం పాట ఎత్తుకున్నారు. కల్లు కుండల మూతలు తీస్తున్న చప్పుడు వినిపించింది.

తలెత్తి చూసింది. చూరు కింద తాడు మీద పాంగ్యెన్ కట్టలు వేలాడుతున్నాయి. గురువుగారు ఎండలో ఒక్కోటీ చూసి కోసిన గుప్పెడు అందులోనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది.

అందులోంచి నాలుగు పువ్వులు తీసి మరుగుతున్న నీళ్లలో వేసింది. నలభయ్యో మొక్కని పొయ్యిలో తోసింది. పచ్చిది కాబట్టి చిటపటమంది, కాస్త పొగొచ్చింది, అంతే, అయిపోయింది. ఎవరికీ నష్టం లేదు. గురువుగారు తాగేది మంచి మందు. ఊరికి ఆమ్చి దొరుకుతుంది. ముప్పై తొమ్మిది చెప్పిన మనిషి ఒక్కదాని దగ్గర పొరబడితే ఊరంతా చలికాలం చావాలా? ఇలా తనకి తాను గట్టిగానే చెప్పుకుంది. ఇంకొకరికి చెప్పి ఉంటే వాళ్లు ఒప్పుకునేవాళ్లే.

కషాయం వడగట్టి, గిన్నె రెండు చేతులా పట్టుకుని ముందుకి వచ్చింది.

జనం మధ్యనుంచి దారి ఇచ్చారు. ఆ దారిలో అంగ్మో నిలబడి ఉంది. దగ్గుతో పోయిన ఇద్దరు పిల్లల్లో ఒకడు అంగ్మో కొడుకు. ఆమె చిన్నకొడుకు ఇప్పుడు ఆమె వీపున మూటలో నిద్రపోతున్నాడు. ఆమె పక్కావిడతో మాట్లాడుతోంది, ముఖం వెలిగిపోతూ.

"ఇంతకాలం తెలీక ఏడ్చాం వదినా. ఆ చివరి మొక్క మా కాలవ గట్టున బోలెడుంది. గుడ్డ విప్పగానే పోల్చుకున్నా, సన్నకాడ. పాంగ్యెన్ అంటే కొండెక్కి తెచ్చుకునేదనుకున్నా గానీ, ఇంటిముందే ఉందని ఎవరనుకున్నారు? వెళ్లగానే ఓ గోనెడు ఎండబెడతా. వీడికి దగ్గు రానీ, ఇంక భయం లేదు."

"నాకూ కాస్త ఇయ్యవే" అంది పక్కావిడ.

కుంజెస్‌ని చూసి అంగ్మో ఆమె మోచెయ్యి ముట్టుకుని కళ్లకద్దుకుంది. "నీ నోటి చలవమ్మా" అంది.

గిన్నెలో కషాయం తొణికింది. చేతుల మీద పడింది. కుంజెస్‌కి కాలినట్టు కూడా తెలియలేదు. పొయ్యిలో కాలిపోయింది ఒక్క మొక్కే. అది పాంగ్యెన్ అని విన్న చెవులు అరవై పైన ఉన్నాయి. అవి కొండెక్కి ఊరు చేరతాయి. ఏదో ఒక రోజు, ఎవరి పొయ్యి మీదో...

గురువుగారి ముందు గిన్నె పెట్టింది. ఆయన తీసుకున్నారు. ఆవిరి మొహానికి తగలనిచ్చి, కళ్లు మూసుకుని, తెరిచి, ఊదుకున్నారు. ఆయన ముఖంలో ఏమీ లేదు. రోజూ పొద్దున టీ తాగేటప్పుడు ఎలా ఉంటారో అలాగే ఉన్నారు. గిన్నె పెదవుల దాకా వెళ్లింది.

కుంజెస్ ఆయన మణికట్టు పట్టుకుంది.

పాట ఆగిపోయింది. శిష్యురాలు గురువు చెయ్యి పట్టుకుని ఆపడం ఆ లోయలో ఎవరూ చూడలేదు.

"ఏమిటి తల్లీ? వేడిగా ఉందా?"

"కాదు ఆమ్చి గారూ." పట్టు వదల్లేదు. "ఇది మీరు తాగొచ్చు. ఇది తాడు మీది పాంగ్యెన్. నేనే మార్చాను. అక్కడ పెట్టింది పాంగ్యెన్ కాదు. లోపల నూగు ఉంది. నేను లోపల చూడలేదు."

ఆమె అంగ్మో వైపు తిరిగింది. చెప్పాల్సింది అసలు ఆమెకే. "మీ కాలవ గట్టున ఉన్నదాన్ని ముట్టుకోకు వదినా. పిల్లాడికి ఇవ్వకు. అది మందో విషమో నాకు తెలియదు. దాని పేరే నాకు తెలియదు."

అన్నాక ఏడుపొచ్చేసింది. ముప్పైమంది రెండు రోజులు నడిచి వచ్చారు. ఆ శాలువా నేసినవాళ్లలో ప్రతి మొహమూ ఆమెకి తెలుసు. అందరి ముందూ నిలబడి, ముక్కు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడి, అలాగే ఏడ్చింది.

అంగ్మో వీపు మీది మూటని ముందుకి తిప్పుకుని, పిల్లాణ్ణి రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"అదేమిటో మరి మీరు చెప్పండి" అన్నాడు నవాంగ్ తుందుప్ గారితో. కోపం ఆపుకుంటున్నాడు. ఎవరి మీద కోపమో తెలియక ఆపుకుంటున్నాడు.

"నాకూ తెలియదు" అన్నారు తుందుప్ గారు.

ఆయన ఆ మాటని టైము ఎంతయిందో చెప్పినట్టు చెప్పారు. "మంచునీటి కాలవ దగ్గర దొరికింది. వారం రోజులు చూశాను. నూరి చూశాను, నమిలి చూశాను. తెలియలేదు. వీళ్లిద్దరికీ తెలిసినట్టుంది. అడుగు."

నవాంగ్ పెద్దలిద్దరి వైపూ చూశాడు. లోబ్జాంగ్ గారికి ఉన్నట్టుండి తన జపమాలలో పూసలు సరిగ్గా ఉన్నాయో లేదో అనుమానం వచ్చింది. ఒక్కోటీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"నేను కాస్త దూరంనుంచి చూశాను" అన్నారు, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో.

"నేనసలు చూడలేదు" అన్నారు మొరుప్ గారు. ఎనభై రెండేళ్లు వచ్చాక మనిషికి అబద్ధం ఆడే ఓపిక కూడా ఉండదు. "అందరూ అవునన్నారు, నేనూ అన్నాను."

తుందుప్ గారు గిన్నె ఎత్తి, కషాయం చివరి చుక్క దాకా తాగారు. మొహం చిట్లించారు. గొంతు సవరించుకుని, బొటనవేలితో మూతి తుడుచుకున్నారు. గొంతుబాధ ఉన్న మనిషి మందు తాగడంలో వింతేముంది? కానీ జనమంతా అదేదో మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

కుంజెస్ కంబళి ముందు కూర్చుని, మొక్కల్ని ఒక్కొక్కటే తీసి మూట కట్టడం మొదలుపెట్టింది. పరీక్ష తప్పినవాళ్లు తమ చేతులతోనే కంబళి సర్దాలి, అదీ ఆచారమే. ఇప్పుడు ప్రతి మొక్కనీ ఆగి చూస్తోంది. వేరు చూస్తోంది, కాడ తిప్పి చూస్తోంది. ముందు చెప్పిన పేర్లే నోట్లో అనుకుంటోంది, కానీ నెమ్మదిగా, అడుగుతున్నట్టు.

నవాంగ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. మెడలో ముడి సగం ఊడి, తాళంచెవి పొట్ట మీద వేలాడుతోంది. దాన్ని తీసేయాలో, మళ్లీ కట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదు. షాలోక్ జనం ఒక్కొక్కరే సత్తుపిండి సంచుల మూతులు బిగిస్తున్నారు. కనుమ వైపు తెల్లటి మబ్బు కిందకి దిగుతోంది.

"అయితే ఆమ్చి గారూ, నలభైలో ముప్పై తొమ్మిదే చెప్పింది. అమ్మాయి తప్పినట్టే కదా?" అన్నాడు చివరికి. "మేం ఇంక బయల్దేరతాం. మళ్లీ మంచు పెరిగితే దాటలేం."

తుందుప్ గారు వంగి, కుంజెస్ చేతిలోని మూటని తీసుకున్నారు. విప్పి, ముప్పై తొమ్మిది మొక్కల్నీ మళ్లీ కంబళి మీద పరిచారు.

"నలభై చెప్పినప్పుడు నేను ఒక్కటీ నమ్మలేదు నవాంగ్" అన్నారు. "ఇప్పుడు ముప్పై తొమ్మిదీ నమ్ముతున్నాను. మీ ఆమ్చిని తీసుకెళ్లు."